పికో మిషన్ మీద పదహారు వేల బొమ్మలు

విచారణకి ఇరవై రెండు రోజులు

మీ అమ్మమ్మ ముఖం మీది చెమటను తుడిచేసింది రూపశుద్ధి మండలి కాదు, మీరు. పాత బొమ్మలు కాస్త శుభ్రంగా కనిపిస్తే తప్పేంటని అడిగింది మీరు. గోడతెరల్లో, చేతి కెమెరాల్లో బొమ్మను దానంతట అదే శుభ్రం చేసే సవరణి పెట్టి అమ్ముతుంటే వరసలో నిలబడి తెచ్చుకున్నది మీరు. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఫొటోల్లో ఒక్క పుట్టుమచ్చ ఉందేమో వెతకండి. నేను వెతికాను. నా పెళ్లి ఫొటోలో నాకు పన్ను మీద పన్ను లేదు. నా నోట్లో మాత్రం ఇప్పటికీ ఉంది.

ఇది నా దినచర్య. అయినా మీకే రాస్తున్నాను, ఒంటరిగా కోప్పడటం నాకు చేతకాదు కనుక. నా పేరు విరజ. వయసు యాభై రెండు. ఉప్పు కార్మికుల సంఘం కరపత్రాలు రాసేది నేనే. మా కాలనీలో నూట నలభై ఇళ్లు. సముద్రం పాత రోడ్డును మింగిన దగ్గర్నుంచి ఇక్కడికి రావాలంటే పడవ ఎక్కాల్సిందే. మా ఉప్పుమడుల్లోకి నీళ్లు రావాలంటే తూము తెరవాలి. ఆ తూముకి మండలి తాళం వేసి ఏడు నెలలైంది. తీరాన్ని పక్షులకి కేటాయించి మమ్మల్ని కొండమీది గదుల్లోకి పంపుతారట. దాని మీదే ఈ విచారణ.

వాళ్ల సాక్ష్యమేంటో తెలుసా? ఫిల్ములు. మండలి దగ్గరున్న పాత తీరం ఫిల్ములన్నింట్లోనూ తెల్లటి నేల, నీలం నీరు, కొంగలు. మనుషులు లేరు. సవరణి మా వాళ్లని మరకలనుకుని తుడిచేసింది. ఆ ప్రతుల్ని మాకే చూపించి, ఇక్కడ ఎప్పుడూ ఎవరూ పని చెయ్యలేదు, మీరు నిన్నగాక మొన్న వచ్చి గుడిసెలు వేసుకున్నారు అంటున్నారు.

ఇవాళ సంఘం ఆఫీసు పెట్టె అడుగున ఒక రేకు డబ్బా దొరికింది. మూత మీద మేకుతో గీసిన అక్షరాలు: మడులు తవ్వడం. లోపల డెబ్బై ఏళ్ల నాటి ఫిల్ము చుట్ట, రెండంచులా రంధ్రాలున్న మూగ ఫిల్ము. సంఘం పుట్టిన ఏడాది ఎవరో తీశారు. మూత తియ్యగానే పుల్లటి కంపు. ఆ కంపు వస్తే ఫిల్ము చచ్చిపోతోందని లెక్క. కుంచించుకుపోతుంది, అప్పడంలా పెళుసెక్కుతుంది, తర్వాత ముట్టుకుంటే పొడి.

విచారణలో చెల్లాలంటే సవరణి తగలని ప్రతి కావాలి. ఫిల్ము మీద ఉన్నదాన్ని ఉన్నట్టు కంప్యూటరులోకి ఎక్కించాలి, ఎక్కించాక ఒక్క చుక్క కూడా మార్చకూడదు. ఈ నిబంధన పెట్టించింది ఎవరనుకున్నారు? నేనే. ఆరేళ్లు కొట్లాడి పెట్టించాను.

విచారణకి పందొమ్మిది రోజులు

ఫిల్మును ఎక్కించే యంత్రాలు మండలి దగ్గర మాత్రమే ఉన్నాయి, వాటి కడుపులో సవరణి ఉంది. కాబట్టి యంత్రం మనమే చేసుకోవాలి. అన్నిటికంటే ముందు సవరణి లేని కెమెరా కావాలి. ఎక్కడుంది?

మూడు రోజులు ఊళ్లన్నీ అడిగాను. ఆసుపత్రి కెమెరాలోనూ సవరణి ఉంది, పుండు కూడా అందంగా కనిపిస్తుంది. బడిలో ఉంది. చేపల వేలం దగ్గర ఉంది, అందుకే మన ఊరి చేపలన్నీ అప్పుడే పట్టినట్టు మెరుస్తుంటాయి.

చివరికి జీడి ఫ్యాక్టరీలో దొరికింది. జీడిపప్పును రంగు చూసి ఏరే యంత్రం ఉంటుంది కదా, దాని కెమెరా. పుచ్చు గింజ పుచ్చు గింజలాగే కనిపించకపోతే వాళ్ల వ్యాపారం మునుగుతుంది. ఈ దేశంలో నిజం చూసే హక్కు ఒక్క జీడిపప్పుకే మిగిలిందని అక్కడే నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. మేనేజరు ఓపిగ్గా విని, మూలన పడేసిన పాత యంత్రాన్ని చూపించి, "పట్టుకెళ్లండి మేడం, ఉపన్యాసం మాత్రం ఇక్కడితో ఆపండి" అన్నాడు. దాంతోపాటు ఫ్యాక్టరీ పర్యవేక్షణ తెర కూడా తెచ్చుకున్నాను. మన గోడతెర మీద వేస్తే అదే తుడిచేస్తుంది కనుక.

విచారణకి పదహారు రోజులు

కెమెరా ఉంది. ఇక ఫిల్మును ఒక్కో బొమ్మా కెమెరా ముందుకు జరపాలి. జరిపి, ఆపి, కదలకుండా పట్టుకుని, ఫొటో తీసి, మళ్లీ జరపాలి. పదహారు వేలసార్లు.

చీరలకి పికో కుట్టే పోలినాయుడు మావ దగ్గరికి వెళ్లాను. డెబ్బై దాటాడు. కాలనీలో తొక్కుడు మిషన్లన్నీ బాగుచేసేది ఆయనే. చెప్పిందంతా విని కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు.

"జరపాల, ఆపాల, జరపాల, ఆపాల. అంతేనా?"

"అంతే మావా."

"మరి కుట్టుమిషనీ సేసేది అదే కదేటి? నువ్వేదో రాకెట్టు కావాలన్నట్టు వొచ్చినావు."

నిజమే. సూది పైకి లేచినప్పుడు కింది పళ్లు గుడ్డని జరుపుతాయి. సూది దిగినప్పుడు గుడ్డ కదలదు. ఇన్నేళ్లూ మిషన్ మీద కుట్టిన జాకెట్లే తొడుక్కున్నాను, ఈ సంగతి ఒక్కరోజూ ఆలోచించలేదు. శ్రమని గౌరవించాలని ఎన్ని కరపత్రాలు రాశానో లెక్కలేదు.

ఒక చిక్కు ఉంది. కుట్టు పొడవు ఎంత పెంచినా ఒక బొమ్మలో సగమే జరుగుతుంది. రెండు కుట్లకి ఒక బొమ్మ. అప్పుడు మొదటి కుట్టుకి సూది రంధ్రంలో దిగితే, రెండో కుట్టుకి రెండు రంధ్రాల మధ్య దిగి ఫిల్మును పొడుస్తుంది.

"మామూలు మిషనైతే పొడుత్తాది," అన్నాడు మావ. "ఇది పికో మిషన్. సూది ఓపాలి ఎడంకి, ఓపాలి కుడికి పడతాది. ఎడం కుట్టు రంద్రంలో. కుడి కుట్టు ఫిల్ము అంచు దాటి అవతల గాల్లో. సరిపోనాదా?"

ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోయాను. దణ్ణాలు పెట్టడం బానిసత్వమని నేనే రాశాను కదాని మధ్యలో ఆగిపోయాను. "పెట్టీయే, ఎవరూ సూడట్లేదు," అన్నాడు.

విచారణకి పది రోజులు

పనిచేసింది.

ఎలా పనిచేసిందో రాసుకోనివ్వండి, ఇంత సంతోషం మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. సూది మొనను మావ ఆకురాయి మీద నూరి మొద్దు చేశాడు. కింది పళ్లకి సైకిల్ ట్యూబు ముక్క తొడిగాడు, ఫిల్ము గీరుకోకుండా. ఫిల్ము కింద దీపం, దీపం మీద గాజుపలక. వెలుగు సమంగా పరుచుకోవాలంటే గాజు మసకగా ఉండాలి. మా ఉప్పుతోనే ఒక పూటంతా రుద్ది మసక చేశాను. పైన జీడిపప్పు కెమెరా. సూది ఎడం వైపు దిగిన ప్రతిసారీ ఒక తీగ తగిలి కెమెరా ఒక ఫొటో తీస్తుంది.

ఫిల్ము కుంచించుకుపోయింది కనుక రంధ్రాలు ఉండాల్సిన దూరంలో లేవు. మండలి యంత్రమైతే పళ్లచక్రం మీద దాన్ని చింపేసేది. మావ కుట్టు పొడవు మీటను వెంట్రుకవాసి తిప్పాడు, అంతే, సరిపోయింది. అయినా మూడుచోట్ల తెగింది. సన్నటి టేపు ముక్కలతో అతికాం.

తెర మీద మొదటి బొమ్మ వచ్చింది. ఒక ఆడమనిషి నడుం. బురద. చీర మోకాళ్ల పైకి దోపుకుని ఉంది. రెండో బొమ్మలో ఆ నడుం కాస్త వంగింది. ఇంకా పదిహేను వేల తొమ్మిదివందల చిల్లర బొమ్మలున్నాయి, నేను మాత్రం ఆ నడుం చూస్తూ కూర్చుండిపోయాను. ఆ వీపు మీద చెమట ఉంది. నిజమైన చెమట, చారలు చారలుగా.

బొమ్మ కొంచెం మెత్తగా, మసకగా ఉంది. కెమెరా అద్దం పాతది, ఆమాత్రం ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు తర్వాత చాలా తిట్టుకున్నాను.

విచారణకి అయిదు రోజులు

సాయంత్రం ఎండ తగ్గాక గోదాములో కాలనీ అందరికీ వేసి చూపించాం. పదిహేను నిమిషాల ఫిల్ము. ముప్పైమంది దాకా ఆడవాళ్లు పారలతో మడులు తవ్వుతారు, మట్టి తట్టలు మోస్తారు, గట్లు వేస్తారు, చివర్లో మొదటి ఉప్పు లాగుతారు. జనం అరిచారు, ఏడ్చారు, వేళ్లు చూపించుకున్నారు. "మా నాయనమ్మ, మా నాయనమ్మ" అని ఒకామె తెర మీద చెయ్యి పెట్టింది. ఇక గెలిచేశామని నేను ఒక చిన్న ప్రసంగం కూడా మొదలుపెట్టాను.

దాలమ్మత్త మాత్రం నుదురు చిట్లించి తెరనే చూస్తోంది. ఎనభై నాలుగేళ్లు ఆమెకి. ఆ ఫిల్ము తీసేనాటికి పద్నాలుగు. ఉప్పు లాగడం తెలిసిన చేతుల్లో కాలనీలో ఆమెవే పెద్దవి.

"ఏం అత్తా, బాగాలేదా?"

"మనుసులు మావోల్లే," అంది. "పని మాది కాదు."

"అంటే?"

"ఆ లాగడం మాది కాదే. మేమలగ లాగం."

నాకు ఒళ్లు మండింది. పదిహేడు రోజుల కష్టం, తీరా ఇది సాక్ష్యం కాదని మన మనిషే అంటే? డెబ్బై ఏళ్ల కింద పద్ధతులు వేరుగా ఉండి ఉంటాయన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. "ఏళ్ల తరబడి సవరణి బొమ్మలు చూసి చూసి నీ కళ్లు కూడా పాడైపోయాయి అత్తా, నిజం చూపిస్తే గుర్తుపట్టలేకపోతున్నావు," అన్నాను. ఇంకా చాలా అన్నాను. శ్రామికుల స్పృహ గురించి కూడా.

ఆమె అంతా విని లేచింది. "రేపు పొద్దున్న మడికాడికి రా," అంది. "సెప్పులిప్పి రా."

విచారణకి నాలుగు రోజులు

వెళ్లాను. ఎండిపోయిన మడి, పగిలిన నేల. దాలమ్మత్త ఉప్పు లాగే పలక పట్టుకుని నిలబడి ఉంది. పొడుగాటి కర్ర చివర అడ్డంగా చెక్క కొట్టిన పనిముట్టు అది. నా చేతికి ఇచ్చింది.

"లాగు."

వెనక్కి నడుస్తూ లాగాను. నాలుగడుగులకే చెక్క అంచు వచ్చి నా ఎడమ చీలమండకి తగిలింది. మళ్లీ లాగితే మళ్లీ అక్కడే. మడిలో మిగిలిన ఉప్పు పెచ్చులు కోసుకుని రక్తం వచ్చింది.

"సూసినావా? అందుకే ఎడం కాలికి గుడ్డ సుడతాం. నా కాలు సూడు." ఆమె చీర అంచు ఎత్తింది. ఎడమ చీలమండ చుట్టూ డెబ్బై ఏళ్ల మచ్చ, గాజు తొడిగినట్టు. కుడికాలు నున్నగా ఉంది. "వరసలో పదిమంది లాగుతుంటే ఒకతి కుడేపు, ఒకతి ఎడమేపు లాగితే పలకలు కొట్టుకోవా? అందరూ ఎడమేపే. ఎడంసేతోల్లు కూడా అలగే. మా అమ్మకాడ్నుంచి ఇంతే. నీ సిన్మాలో గుడ్డ ఏ కాలికుంది?"

నేను పరిగెత్తాను. చెప్పులు లేకుండానే.

ఫిల్ములో అందరికీ కుడికాలికి ఉంది. ముప్పైమందికీ. కొండ కూడా మడులకి కుడివైపున ఉంది, నిజంగా ఉన్నది ఎడమ వైపు. ఇది గుర్తుపట్టడానికి విచారణ అధికారికి ఒక్క నిమిషం పడుతుంది. బొమ్మ మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. దొంగ బొమ్మ అని కొట్టిపారేసేవాళ్లు.

"మావా, ఫిల్ము ఏ వైపు పెట్టావు?"

"తిరగేసే పెట్టినాను," అన్నాడు పోలినాయుడు మావ, ఏదో అడగకూడనిది అడిగినట్టు. "ఓపక్క మెరుత్తుంది, ఓపక్క మెరుపు నేదు. బొమ్మ తేలి కనిపించింది మెరుపు నేని పక్క, అదే మంచిపక్క, దాన్ని కిందకి పెట్టినాను. గుడ్డని తిన్నగా పెట్టి ఎవుడు కుడతాడే?"

యాభై అయిదేళ్లుగా ఆయన ప్రతి గుడ్డనీ తిరగేసే కుట్టాడు. ఫిల్ములో బొమ్మ ఉండేది మెరుపు లేని పక్కనే. మసక ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైంది. మేం ఇన్నాళ్లూ బొమ్మని దాని వీపులోంచి చూస్తున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియక చివరికి నవ్వాను. మావ నవ్వలేదు. మిషన్ మీద చెయ్యి వేసుకుని, "నాను పాడుసేసీనానేటి?" అని అడిగాడు. లేదు మావా, నేను చూసుకోవాల్సింది అన్నాను. అది నిజం కూడా.

కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే బొమ్మ సరైన వైపుకి తిరుగుతుంది. నొక్కడానికి వీల్లేదు. ఒక్క చుక్క మార్చినా అబద్ధమేనని రాసిన మహాతల్లిని నేనే కదా. మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి, ఈ ఫిల్ము ఇంకోసారి తట్టుకుంటుందో లేదో తెలియదు.

పాత సినిమాహాళ్లలో పెళుసెక్కిన ఫిల్మును కర్పూరంతో మూతపెట్టేవాళ్లని ఎక్కడో చదివాను. కాలనీలో ఉన్న కర్పూరమంతా పోగుచేసి డబ్బాలో వేసి మూత బిగించాం. నాస్తికురాలినైన నా చేతికి ఇంతమంది దేవుడిగదుల్లోంచి కర్పూరం రావడం నా జీవితంలో ఇదే మొదలు.

దాలమ్మత్త దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాను. "నీ కాలికి మందు రాసినావా?" అంది.

విచారణకి రెండు రోజులు

పొద్దున్నే మొదలుపెట్టాం. ఫిల్ము కాస్త మెత్తబడింది, కానీ మోటారు పెడితే కుదుపుకి తెగుతోంది. మావ మోటారు పీకేసి పాత తొక్కుడు పీట బిగించాడు. కాలితో తొక్కితే ఎక్కడ బిగుసుకుందో కాలికే తెలుస్తుందన్నాడు.

రెండున్నర గంటలు ఒకే వేగంతో ఎవరు తొక్కగలరు? మడుల్లో అడుగు కొలిచి నడిచినవాళ్లు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. ఒకామె లేస్తుంటే పక్కామె పీట మీద కాలు ఆనించి వేగం అందుకునేది, మిషన్ ఆగేది కాదు. దాలమ్మత్త పక్కన కూర్చుని తొడ మీద చేత్తో తాళం వేసింది. ఉప్పు లాగేటప్పుడు వేసే తాళం.

"మెల్లగే, మీ అత్తగారు తరుముకొస్తందేటి?"

"మీ కోడలు తొక్కితే ఫిల్ము ముడతడిపోద్ది అత్తా, నన్ను తొక్కనీయి."

"నువ్వు తొక్కితే ఫిల్ము పక్కూరెల్లిపోద్ది."

తెర మీద మసక లేదు. ఉప్పు పలుకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఎడమ కాళ్లకి గుడ్డలు. కొండ ఎక్కడుండాలో అక్కడుంది. ఎనిమిది వేల చిల్లర బొమ్మ దగ్గర దాలమ్మత్త తాళం ఆపకుండానే అంది: "అదిగో సూరమ్మ. నా పలక అదే ఎత్తుకుపోనాది. డెబ్బై ఏళ్లనుంచి కాదు కాదంటంది." సూరమ్మ బొమ్మలో నిజంగానే రెండు పలకలు భుజాన వేసుకుని గట్టు దాటుతోంది. ఆవిడ మనవరాలు అప్పుడు మిషన్ తొక్కుతోంది. నవ్వి నవ్వి వేగం తప్పబోయింది.

ఒక్కచోట కూడా తెగలేదు.

విచారణ రోజు

మండలి పంపిన విచారణ అధికారి పేరు తన్మయి. ముప్పై ఏళ్లుంటాయి. పడవ దిగి బురద తొక్కుతూ గోదాములోకి వచ్చింది. పరీక్షించే పెట్టెను మా తెరకి తగిలించింది. ప్రతి మీద ఎక్కడా చెయ్యి పడలేదని అది చెప్పింది. కొండ, ఏరు, గట్టు అన్నీ నేటి నేలతో సరిపోయాయని చెప్పింది. ఆ తర్వాత ఫిల్ము మొత్తం చూసింది. మధ్యలో ఒకసారి అడిగింది: "ఇంత మురికేంటండీ?"

"మురికి కాదమ్మా, బురద," అంది దాలమ్మత్త. "బురద నేకపోతే ఉప్పెలగొస్తాది? మీ ఇంటికాడ ఉప్పు ఎక్కడ్నుంచి వొస్తాదనుకున్నావు?"

తన్మయి కుర్చీని తెరకి దగ్గరగా జరుపుకుంది. ఫిల్ము ఇంకోసారి వెయ్యమంది. రెండోసారి అయ్యాక కాగితం తీసి, ఈ మడులు ఇక్కడివాళ్లే తవ్వారని మండలి ఒప్పుకుంటోందని రాసి సంతకం పెట్టింది. గోదాము ఎగిరిపోయేంత గోల. పోలినాయుడు మావ పికో మిషన్‌కి దండ వేశాడు.

గోల తగ్గాక తన్మయి అంది: "పట్టాలు కుటుంబ పెద్దల పేరున ఇస్తాం. మీ సంఘం రాసుకున్న పాత పేర్ల పట్టీ ఉంది కదా, అందులో ఉన్న పేర్లకే."

పట్టీ తీశాను. నూట నలభై పేర్లు. అన్నీ మగవాళ్లవి. మా సంఘం రాసింది, మా సంఘం ముద్ర. తెర మీద చివరి బొమ్మ అలాగే నిలిచి ఉంది: ముప్పైమంది ఆడవాళ్లు మడిలో, ముగ్గురు మగవాళ్లు గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తూ. ఫిల్ము మొత్తంలో ఉన్న మగవాళ్లు ఆ ముగ్గురే.

"ఆ మజ్జినున్నోడు మా నాన్న," అన్నాడు పోలినాయుడు మావ మెల్లగా.

"అవును. బాగా కాల్సీవోడు," అంది దాలమ్మత్త.

ఇన్నేళ్లూ తుడిచేసేది మండలి, మీరు అనుకున్నాను. మేమూ తుడిచాం, సవరణి పుట్టకముందే, పెన్నుతో. ఆ పట్టీని ఏటేటా తిరగరాసిన చేతుల్లో నాదీ ఒకటి. అధికారి కాగితం అక్కడే బల్ల మీద ఉంది. దాని వెనక వైపు నేను రాసి, అందరికీ చదివి వినిపించి, ఒప్పించి ఇచ్చినవి ఇవి. మావ కూడా వేలిముద్ర వేశాడు.

మా డిమాండ్లు:

1. మడి పట్టాలు తవ్విన ఆడవాళ్ల పేరున రాయాలి. వాళ్లు లేకపోతే ఇప్పుడు ఆ మడిలో పనిచేస్తున్న ఆడవాళ్ల పేరున. ఇది మండలికి.

2. సంఘం పాత పట్టీని రద్దు చెయ్యాలి. ఫిల్ము చూసి కొత్తది రాయాలి. ఇది మా సంఘానికి.

3. మండలి దగ్గరున్న తీరం ఫిల్ముల అసలు చుట్టలు మాకు ఇవ్వాలి. ఎక్కించే పని మేం చేసుకుంటాం.

4. సవరణిని ఆపే మీట ప్రతి తెర మీదా, ప్రతి కెమెరా మీదా, చేతికి అందేలా ఉండాలి.

5. యంత్రం ఎలా చేశామో గీసిన బొమ్మ కావాల్సిన ఊరికల్లా ఇస్తాం. దాన్ని మండలి అడ్డుకోకూడదు. మెరుపు లేని పక్క కెమెరా వైపు ఉండాలని దాని మీద పెద్దక్షరాలతో రాస్తున్నాం.

6. శుక్రవారం పొద్దున పోటు వేళకి తూము తెరవాలి.

7. తెరిచేది దాలమ్మ.